అప్‌డేట్: బేకర్ త్రీ, లాంబర్ట్ రెండూ ఒకే హిమానీనదం

మా పాప స్కూల్ చార్టు కోసం పోయిన నెల ఇక్కడ అడిగాను: తూర్పు అంటార్కిటికాలో ఒకే చోటికి పాత పేర్ల జాబితాలో ‘బేకర్ త్రీ’, పటంలో ‘లాంబర్ట్’ అని ఉంది, ఇవి రెండు హిమానీనదాలా అని. విషయం తేలింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పేరు ఎవరు, ఎప్పుడు పెట్టారో చూడమన్న సలహాతోనే దారి దొరికింది. 1946-47లో అమెరికా నౌకాదళం ఆపరేషన్ హైజంప్ అనే అంటార్కిటికా యాత్రలో విమానాల నుంచి ఫొటోలు తీసింది. వాటిని పరిశీలించిన అమెరికా భూగోళ శాస్త్రవేత్త జాన్ రాస్కో 1952లో దీనికి బేకర్ త్రీ అని పేరు పెట్టారు. అది ఆ ఫొటోలు తీసిన విమానానికి, సిబ్బందికి ఉన్న సంకేతనామం. పేరైతే జాబితాకెక్కింది కానీ అచ్చయిన పటాల్లోకి రాలేదు. ఈలోగా 1956లో ఆస్ట్రేలియా బృందం ఆ ప్రాంతాన్ని పటం గీసింది. 1957లో తమ జాతీయ మ్యాపింగ్ డైరెక్టర్ బ్రూస్ లాంబర్ట్ పేరు పెట్టారు. అదే నిలిచిపోయింది.

నన్ను బాగా తికమక పెట్టింది పటం అంచున చిన్న అక్షరాల్లో ఉన్న ‘లాంబర్ట్ ప్రొజెక్షన్’ (గుండ్రటి భూమిని చదునైన పటం మీద చూపే ఒక పద్ధతి). దీనికీ హిమానీనదానికీ ఏ సంబంధమూ లేదు. ఆ పద్ధతికి పేరొచ్చింది 18వ శతాబ్దపు గణితవేత్త యోహాన్ లాంబర్ట్ నుంచి, ఆయన వేరే మనిషి.

ఈ హిమానీనదం మంచు ఏమరీ ఐస్ షెల్ఫ్ (సముద్రం మీద తేలే పెద్ద మంచు పలక) మీదుగా ప్రిడ్జ్ బే వైపు సాగుతుంది. మన దేశపు పరిశోధన కేంద్రం భారతి స్టేషన్ ఉన్నది ఆ తీరంలోనే, లార్స్‌మన్ హిల్స్‌లో. పాప అక్కడ ఎర్ర పెన్సిల్‌తో చుక్క పెట్టింది.