వెంటీలో (సిడ్నీ వెంట్‌వర్త్‌విల్‌లో) పెట్రోలు మూడు రోజుల్లో 50 సెంట్లు ఎక్కింది, ఇది మామూలేనా?

వెంట్‌వర్త్‌విల్ నుంచి (కొత్తగా వచ్చాం)

అందరికీ నమస్కారమండీ. మేం సిడ్నీ వచ్చి ఆరు వారాలైంది. పాత కొరోలా ఒకటి కొన్నాం. పోయిన గురువారం ఇంటి దగ్గర బంకు బోర్డు మీద లీటరు 169.9 సెంట్లు అని ఉంది. ఆదివారం తీరిగ్గా పోసుకుందాంలే అని వచ్చేశా. ఆదివారం వెళ్తే 219.9! తప్పు చదివానేమోనని కారు దిగి మళ్లీ చూశా. ఆ మూడు రోజుల్లో క్రూడ్ రేటు పెద్దగా కదిలిందీ లేదు. హైదరాబాద్‌లో 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గాక ఏడాది దాటినా 107 దగ్గరే ఉండటం చూసినవాణ్ణి, నాకిది మింగుడు పడటం లేదు. ఆ బంకువాడు మోసం చేస్తున్నాడా? మా ఆవిడకి కాసిల్ హిల్‌లో ఏజ్డ్ కేర్ (వృద్ధుల సంరక్షణ) ఉద్యోగం, ఉదయం ఆరింటికే షిఫ్టు. ఆ టైముకి బస్సులు కుదరడం లేదు, కారు తీయక తప్పదు. నెలకి పెట్రోలుకి ఎంత పక్కన పెట్టుకోవాలో తెలీక టెన్షన్‌గా ఉంది.

టూంగాబీ నుంచి

తమ్ముడూ, మోసం కాదు. నేను వచ్చిన కొత్తలో నేనూ అచ్చం మీలాగే బోర్డు కింద నిలబడి తిట్టుకున్నాను. దీన్ని ఇక్కడ ప్రైస్ సైకిల్ అంటారు. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్, అడిలైడ్, పెర్త్, ఈ ఐదు పెద్ద ఊళ్లలో రేటు ఒక్కసారిగా ఎగిరి, తర్వాత రోజుల తరబడి, చాలాచోట్ల వారాల తరబడి కొంచెం కొంచెంగా దిగుతుంది. దిగుతున్నన్నాళ్లూ బంకులు ఒకదానితో ఒకటి పోటీపడి సెంటూ అర సెంటూ కోసుకుంటాయి. ఇంక కోస్తే మిగిలేదేమీ లేదన్న చోట ఎవరో ఒకరు ఒకేసారి 40, 50 సెంట్లు పెంచేస్తారు. రెండు మూడు రోజుల్లో మిగతావాళ్లూ వాళ్ల వెనకే. కుమ్మక్కై పెంచితే నేరం, పక్కవాడి బోర్డు చూసి పెంచితే నేరం కాదు. ఈ రేట్ల మీద ఎప్పుడూ కన్నేసి ఉంచే ప్రభుత్వ సంస్థ ఏసీసీసీ కూడా, ఈ ఎగుడుదిగుళ్లు వ్యాపారుల సొంత లెక్క తప్ప క్రూడ్ వల్ల కాదనే చెబుతుంది. కోపం రావడం సహజం. మా ఇంట్లో ఇప్పటికీ ఎక్కిన రోజు సాయంత్రం టీ దగ్గర అదే చర్చ.

సైకిల్‌తో సంబంధం లేని అసలు పెరుగుదల వేరే ఉంది. ఆస్ట్రేలియాలో ఇప్పుడు రెండే రిఫైనరీలు, బ్రిస్బేన్ దగ్గర లిటన్, విక్టోరియాలో జీలాంగ్. క్వినానా, ఆల్టోనా రెండూ 2021లో మూతపడ్డాయి. వాడే పెట్రోల్లో ఎక్కువ భాగం ఓడల్లో రావాల్సిందే, అందుకే సింగపూర్ మార్కెట్ ధర ఎటుపోతే ఇక్కడి టోకు ధర అటే. ఆస్ట్రేలియా డాలరు పడినా మనకే దెబ్బ. దానికి తోడు ప్రతి లీటరు మీదా ఎక్సైజు పన్ను (2025లో 50 సెంట్ల పైన), ఏటా ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి ద్రవ్యోల్బణంతో పాటు అదీ పెరుగుతుంది. ఇవన్నీ కలిపిన మొత్తం మీద మళ్లీ పది శాతం జీఎస్టీ. 2022లో రష్యా యుద్ధం మొదలై రెండు డాలర్లు దాటినప్పుడు ఎక్సైజుని 44.2 సెంట్ల నుంచి 22.1కి కోశారు. మార్చి 30న మొదలై సెప్టెంబరు 28తో ఆ సరదా తీరిపోయింది.

ఇక మీరు చేయాల్సింది. ఫోన్లో ప్రభుత్వ యాప్ ఫ్యూయల్‌చెక్ పెట్టుకోండి. 2016 నుంచి మన రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో ప్రతి బంకూ తన రేటు అందులో పెట్టడం తప్పనిసరి. మీరు చూడాల్సింది ఇవాళ ఎక్కడ చౌక అని కాదు, రేటు దిగుతోందా ఎక్కుతోందా అని. దిగుతున్నంతకాలం తొందరపడకుండా అవసరం ఉన్నంతే పోసుకోండి. అట్టడుక్కి వచ్చిందనిపించినా, పక్క పేటలో రెండు బంకులు ఎగిరినట్టు కనిపించినా ఆ సాయంత్రమే ట్యాంకు నింపేయండి. మీరు గురువారం చేసిన తప్పల్లా అలా నింపకపోవడమే. అన్ని బంకులూ ఒకేరోజు ఎక్కవు, చిన్న బంకులు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కదులుతాయి. సెవెన్ ఎలెవెన్ యాప్‌లో ఫ్యూయల్ లాక్ ఉంటుంది. మీ చుట్టుపక్కల వాళ్ల బంకుల్లో ఉన్న తక్కువ రేటుని ఏడు రోజులు పట్టి ఉంచుకోవచ్చు. ఎక్కడం మొదలవగానే ముందు అది నొక్కండి.

బడ్జెట్ అడిగారు కదా. మీ కొరోలా ఊళ్లో వంద కిలోమీటర్లకి 8 లీటర్లు తాగుతుందనుకుందాం. నెలకి 900 కిలోమీటర్లు తిరిగితే 72 లీటర్లు. మొత్తం 170లో పోసుకుంటే 122 డాలర్లు, 220లో అయితే 158. కాబట్టి 140 పక్కన పెట్టండి. మీరు ఇంత బాధపడుతున్న తేడా నెలకి 36 డాలర్లు. దానికోసం ఎవరో రెండు సెంట్లు తక్కువన్నారని బ్లాక్‌టౌన్ దాకా వెళ్లొద్దు, 40 లీటర్ల మీద మిగిలేది 80 సెంట్లే. రూపాయల్లోకి మార్చి చూసుకోవడం కూడా మానేయండి, ఆ లెక్క వేస్తే ఇక్కడ దోసె కూడా తినలేం.

స్కోఫీల్డ్స్ నుంచి

అన్నయ్యగారు చెప్పనిది ఒకటి చెప్తాను. కారు పెట్రోలు ట్యాంకు మూత లోపల ఏ పెట్రోలు పోయాలో రాసి ఉంటుంది, చూడండి. మీ కొరోలాకి ఈ10 (ఇథనాల్ కలిపిన పెట్రోలు) సరిపోతే మంచిదే, కానీ బోర్డు మీద అదే చౌక కదా అని కళ్లు మూసుకుని పోయొద్దు. ఇథనాల్ ఉంటుంది కాబట్టి మూడు శాతం దాకా ఎక్కువ తాగుతుంది. 180 రేటులో మూడు శాతమంటే ఐదు సెంట్ల పైన. మామూలు పెట్రోలు 91కీ ఈ10కీ తేడా అంతకన్నా తక్కువుంటే 91 పోసుకోవడమే నయం. మా చెల్లెలు మోజుపడి పాత యూరప్ కారు కొంది, దానికి ప్రీమియం పెట్రోలు 95 తప్ప పడదు, లీటరుకి పదిహేను సెంట్లు అటూఇటుగా జన్మంతా ఎక్కువ కట్టాల్సిందే.

ఎలక్ట్రిక్ కారు కొనమని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. మాకు ఉంది. పగలు మా కప్పు మీది సోలార్‌తో ఛార్జ్ చేస్తాం కాబట్టి గిట్టుబాటు అయింది. అద్దె యూనిట్‌లో ఉన్నవాళ్లకి ఆ మాట ఇప్పుడే చెప్పడం నాకు నచ్చదు. హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్లేటప్పుడు మాత్రం రెండు కుటుంబాలు ఒక కారులో వెళ్లండి. గంట పైన దారి, కబుర్లు కూడా కలిసొస్తాయి.

హారిస్ పార్క్ నుంచి

అక్కా, అన్నా, మీరు చెప్పింది నెల జీతం వచ్చేవాళ్లకి సరిపోతుంది. నేను చదువుకుంటూ రాత్రిళ్లు ఫుడ్ డెలివరీ చేస్తాను. సెమిస్టర్ సెలవుల్లో వారానికి 60 లీటర్లు కాలుతుంది. రేటు 50 సెంట్లు ఎక్కితే వారానికి 30 డాలర్లు నా జేబులోంచే, ఆర్డరుకి ఇచ్చే డబ్బు మాత్రం ఎక్కదు. అట్టడుగున ట్యాంకు నింపమంటారు, ఆ రోజు నా అకౌంట్లో 25 డాలర్లే ఉంటే? నేను ఎప్పుడూ ఇరవైకే పోసుకుంటా, ఊళ్లో బండికి వందకి కొట్టించుకున్నట్టు. పెర్త్‌లో ఉండే మా ఫ్రెండ్‌ది నయం. అక్కడ బంకులు రేపటి రేటు ఇవాళ మధ్యాహ్నం రెండింటికల్లా ప్రభుత్వ సైటు ఫ్యూయల్‌వాచ్‌కి చెప్పాలి, ఉదయం ఆరింటి నుంచి 24 గంటలు మార్చకూడదు. వాడు రేపు ఎక్కుతుందని చూస్తే ఇవాళే నింపుకుని పడుకుంటాడు.

టూంగాబీ నుంచి

నువ్వన్నది నిజమే, నా లెక్క నీకు సరిపడదు. ఒకటి మాత్రం చేయి, డెలివరీకి తిరిగిన ప్రతి కిలోమీటరూ రాసిపెట్టుకో. 2024-25కి ట్యాక్స్‌లో కిలోమీటరుకి 88 సెంట్ల లెక్కన 5,000 కిలోమీటర్ల దాకా చూపించుకోవచ్చు. అంతకంటే ఎక్కువ తిరిగితే లాగ్‌బుక్ పద్ధతి (తిరుగుళ్లు పుస్తకంలో రాసి అసలు ఖర్చు చూపించడం) చూసుకో. వెంటీ తమ్ముడూ, ఇది మీకు వర్తించదు. ఇంటి నుంచి ఆఫీసుకి వెళ్లే ఖర్చు ఒప్పుకోరు.

వెంట్‌వర్త్‌విల్ నుంచి (కొత్తగా వచ్చాం)

అందరికీ థ్యాంక్సండీ. ఫ్యూయల్‌చెక్ పెట్టుకున్నా. మా చుట్టూ అంతా 219.9, పెండిల్ హిల్‌లో ఒక్క చిన్న బంకు ఇంకా 178.9లో ఉంది. ట్యాంకులో పావు కూడా లేదు, ఆవిడకి తెల్లారే షిఫ్టు. రాత్రి ఎనిమిదింటికి వెళ్తే నా ముందు తొమ్మిది కార్లు! అందరూ ఆ యాప్ చూసినవాళ్లే అనుకుంటా. ట్యాంకు నింపి లోపలికి వెళ్తే కౌంటర్ అమ్మాయి పంపు నంబరు అడిగింది. పోసే కుర్రాడు ఉండే బంకులే అలవాటు, నంబరు చూసిందెవరు? మళ్లీ బయటికి పరుగెత్తి చూసొచ్చా. ఆరో నంబరు.