మార్ల్‌బరో బిరుదు: పెద్దకొడుక్కే అంతా ఇవ్వడం సబబేనా?

గోదారిగట్టు: బ్రిటన్ ప్రధానిగా చేసిన విన్‌స్టన్ చర్చిల్ పుట్టిన బ్లెన్‌హైమ్ ప్యాలెస్ గురించి చదువుతుంటే వచ్చిన అనుమానం. ఆ ఇంటివాళ్ల మార్ల్‌బరో డ్యూక్ బిరుదు (డ్యూక్ అంటే అక్కడి పెద్ద జమీందారీ బిరుదు), దాంతోపాటు ఎస్టేటు తరానికొకరికే వెళ్తాయట. మిగతా పిల్లలకు పేరు ముందు లార్డ్, లేడీ అనే మాటలే. ఇది న్యాయమేనా?

పాతకాగితం: పంచి ఉంటే ఆ ప్యాలెస్ ఈరోజు ఉండేదా? 1702లో ఇంగ్లండ్ రాణి ఆన్ తన సేనాని జాన్ చర్చిల్‌ను డ్యూక్ చేసింది. 1704లో బ్లెన్‌హైమ్ యుద్ధం గెలిచాక ఈ ప్యాలెస్ ఉన్న వుడ్‌స్టాక్ భూమి ఇచ్చింది. ఇప్పటికీ ఏటా ఆ యుద్ధం రోజుకి ఒక చిన్న జెండా విండ్సర్ రాజకోటకు పంపుతారు, అదే ఆ భూమికి శిస్తు. ఒక్కరి చేతిలో ఉంది కాబట్టే ఇదంతా నిలిచింది. మన ఊళ్లలో చూడండి, పదెకరాల ఆసామి మనవడికి గట్టు తప్ప ఏం మిగిలింది?

కృష్ణాతీరం: చర్చిల్ నాన్న రాండాల్ఫ్ కూడా లార్డే కదండీ. అంటే చిన్నకొడుక్కీ బిరుదు వచ్చినట్టేగా?

పాతకాగితం: కాదండీ, అది మర్యాదకు పిలిచే పిలుపు. ఆయన ఏడో డ్యూక్ చిన్నకొడుకు. నిజంగా బిరుదుంటే లార్డ్స్ సభలో కూర్చునేవాడు. లేదు కాబట్టే 1874లో వుడ్‌స్టాక్ నుంచి కామన్స్ సభకు ఎన్నికయ్యాడు.

కృష్ణాతీరం: అందరూ లార్డ్ అనే రాస్తే లార్డ్ కాదంటారేంటి?

పాతకాగితం: ఎన్నిసార్లు చెప్పాలి? పిలుపు వేరు, బిరుదు వేరు. ఆయన కొడుకు విన్‌స్టన్‌కి ఆ పిలుపు కూడా లేదు. 1895లో రాండాల్ఫ్ పోయాక డ్యూక్ బిరుదుకు తర్వాతి వారసుడు విన్‌స్టనే. 1897లో తొమ్మిదో డ్యూక్‌కి కొడుకు పుట్టాడు, ఆ వరస మారిపోయింది.

రేలపూత: లార్డ్ సంగతి ఆపండి ఇక. ఆ ఇంట్లో ఒక ఆడపిల్లకి కూడా ఈ బిరుదు వచ్చింది, ఒక్కరూ ఆ మాటెత్తలేదు. మొదటి డ్యూక్‌కు మిగిలిన ఒక్క కొడుకు 1703లో కేంబ్రిడ్జిలో మశూచితో పోయాడు. 17 ఏళ్లు. 1706లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసి కూతుళ్లకు దారిచ్చింది. 1722లో పెద్దకూతురు హెన్రియెట్టా సొంత హక్కుతో డచెస్, అంటే ఆడ డ్యూక్, అయింది.

పాతకాగితం: అది మినహాయింపు రేలపూత గారూ. ఆమె తర్వాత చెల్లెలి కొడుకు చార్ల్స్ స్పెన్సర్‌కు వెళ్లింది. అక్కణ్నుంచి మళ్లీ మగవాళ్లే. ఎస్టేటూ నిలబడింది.

రేలపూత: ఎక్కడ నిలబడింది? 1885లో ఇటలీ చిత్రకారుడు రాఫెల్ వేసిన చిత్రాన్ని 70,000 పౌండ్లకు లండన్ నేషనల్ గ్యాలరీకి అమ్ముకున్నారు. 1895లో తొమ్మిదో డ్యూక్ అమెరికా రైల్వే కోటీశ్వరుల పిల్ల కాన్సుయెలో వాండర్‌బిల్ట్‌ను చేసుకున్నాడు. ఆమె తెచ్చిన డబ్బుతో ప్యాలెస్ బాగు చేయించారు. కోడలి డబ్బు పనికొచ్చింది, కూతురు మాత్రం వారసురాలిగా పనికిరాదా?

గోదారిగట్టు: ఇది నాకు తెలీదు.

పాతకాగితం: కట్నం గొడవ తెచ్చి దీనికి అంటగట్టకండి. మా ఇంట్లో పెద్దవాణ్ణి నేనే. నాన్న పోయాక అప్పులన్నీ నా నెత్తినే పడ్డాయి. తమ్ముళ్లు మాత్రం పంపకాల రోజు టేపు పట్టుకుని పొలానికి నాకంటే ముందొచ్చారు. మోసేవాడికే ఆస్తి ఉండాలి.

రేలపూత: మీ కష్టం కాదనను. నా సంగతీ వినండి. నాన్న మంచం పక్కన ఎనిమిది నెలలున్నది నేను. పెద్దకర్మ అయిన మర్నాడు అన్నయ్యలు పట్టుచీర పెట్టి, దానికింద నుంచి స్టాంపు పేపర్లు తీశారు. సంతకం ఎక్కడెక్కడ చేయాలో పెన్సిల్‌తో ముందే ఇంటూలు పెట్టారు. చదువుతానంటే అమ్మ ఏడ్చింది. పెట్టేశాను.

కృష్ణాతీరం: సారీ మేడమ్.

పాతకాగితం: నేను అలా చేయలేదండీ. మా చెల్లికి పసుపు కుంకుమ కింద ఎకరం ఇచ్చాను.

రేలపూత: ఆ 'ఇచ్చాను' అన్న మాట మీదే నా గొడవంతా. మన దగ్గర హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ ప్రకారం కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉంది. ఆమె వాటా ఆమెకు మీరివ్వడమేంటి? బ్రిటన్‌లోనూ అంతే. 2013లో చట్టం మార్చి కిరీటానికి ఆడ, మగ తేడా తీసేశారు. డ్యూకుల బిరుదుల్ని మాత్రం ముట్టుకోలేదు. కొడుకు చచ్చిపోతే తప్ప కూతురు గుర్తురాకూడదా?

పాతకాగితం: మాది మొత్తం ఆరున్నర ఎకరాలు, నలుగురం. అప్పు తీర్చింది నేనొక్కణ్ణే. అదీ లెక్కలో వేసి, అప్పుడు మాట్లాడండి.

రేలపూత: వేస్తాను. ఆ ఎకరం చెల్లి పేరున రిజిస్టర్ అయిందా?

పాతకాగితం: ఇంకా లేదు.