టేబుల్ చేయడమంటే ముందు పెట్టడమా, పక్కన పెట్టడమా?

నమస్కారమండీ. నిన్న కాల్‌లో అమెరికా క్లయింటు "లెట్స్ టేబుల్ దిస్" అన్నాడు. ఇప్పుడే మాట్లాడదాం అంటున్నాడనుకుని నేను గడగడా మొదలుపెట్టేశాను. అటువైపు నిశ్శబ్దం! తీరా చూస్తే, అమెరికాలో దానర్థం ప్రస్తుతానికి పక్కన పెట్టమనట. మన పార్లమెంటులో నివేదిక టేబుల్ చేశారంటే సభ ముందు ఉంచారనే కదా? బ్రిటన్‌లోనూ అంతే. చిన్నప్పటి నుంచీ నాకు టేబుల్ అంటే బల్ల, టేబుల్స్ అంటే ఎక్కాలు (పదమూడో ఎక్కం ఇప్పటికీ తడబడతాను, అది వేరే సంగతి). ఎక్సెల్‌లో పట్టిక, సరే.

లండన్ వాళ్లూ, అమెరికా వాళ్లూ ఒకే మీటింగులో ఉంటే ఈ మాటని ఎలా అర్థం చేసుకోవాలి? మెయిల్లో దీని బదులు మీరేం రాస్తున్నారు? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.