ఋషికొండలో బోటు తప్పుకోవాలా, నీళ్లలో ఉన్న మనిషి తప్పుకోవాలా?

తీరంవాసి:
పోయిన ఆదివారం నడుంలోతు నీళ్లలో మా పాపకి ఈత నేర్పిస్తున్నాను. ఓ స్పీడ్ బోటు మాకు పదడుగుల దూరంలోంచి దూసుకుపోయింది. ఆ కెరటం మొహమ్మీద కొడితే, పాప ఉప్పునీళ్లు మింగేసి ఉక్కిరిబిక్కిరైపోయింది. ఒడ్డున టికెట్లిచ్చే కుర్రాణ్ణి అడిగితే, "మీరే కాస్త ఇవతలకుండాలి సార్" అన్నాడు. శుభ్రత, భద్రత చూసి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ ఇది! నేననేది ఒకటే. ఈదేవాళ్లు, డైవింగ్ చేసేవాళ్లు, వేటకెళ్లేవాళ్లు ఉన్నచోట బాధ్యత బోటుదే. ఒడ్డు నుంచి 200 మీటర్ల లోపు నడక వేగం దాటకూడదు. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

బోటు డ్రైవర్:
పాపకి జరిగింది తప్పే, అందులో రెండోమాట లేదు. కానీ 200 మీటర్ల రూలు ఒప్పుకోను. నడక వేగంతో అంతదూరం పోయి రావడానికే అయిదు నిమిషాలు. పది నిమిషాల రైడులో సగం అక్కడే అయిపోతే డబ్బులిచ్చినవాళ్లు ఊరుకుంటారా? ఈతకి హద్దుగా తాడు కడితే, దాన్ని దాటొచ్చి ఫొటోలు దిగేవాళ్లున్నారు. పైగా వేగం అందుకునేటప్పుడు బోటు ముక్కు పైకి లేస్తుంది, కాసేపు ఎదురుగా ఏమీ కనపడదు. పొద్దున పూట ఎండ సముద్రం వైపు నుంచే కొడుతుంది. ఆ మెరుపులో మనిషి తలకీ, తేలే కొబ్బరికాయకీ తేడా తెలీదు.

జాలరి బిడ్డ:
కనపడనప్పుడు వేగం ఎందుకందుకోవాలి అన్నా? మా నాన్న తెల్లారకముందే వల వేసొస్తాడు. బెండ్లు నీళ్లమీద వరసగా తేలుతూ ఉంటాయి. కిందటేడు ఓ బోటు దానిమీంచి పోయింది. ఇంజన్ ఫ్యానుకి వల చుట్టుకుంటే, కత్తి తీసి కోసేసి వెళ్లిపోయారు. నాన్న మిగిలింది ఒడ్డుకి లాక్కొచ్చి అరుగుమీద పరిచాడు. మధ్యలో మనిషి దూరేంత కన్నం. అమ్మా నాన్నా మూడు రోజులు కూర్చుని అల్లారు, ఆ మూడు రోజులూ వేట లేదు. ఎవరూ పైసా ఇవ్వలేదు.

సముద్రంలో ఓడలు గుద్దుకోకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నిబంధనలున్నాయి. వలేసి వేటాడుతున్న పడవకి ఇంజన్ బోటే దారివ్వాలని అందులో ఉంది. గాలం లాగుతూ పోయేవాళ్లకి ఆ వెసులుబాటు లేదు, వాళ్లు పక్కకి తిరగగలరు కాబట్టి. వలేసినవాడు ఎటు తిరుగుతాడు? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజన్ పడవలకి వేట నిషేధం. చేప గుడ్లు పెట్టాలని మేం రెండు నెలలు ఇంజన్ ఆపుతున్నాం. మనిషి కోసం 200 మీటర్ల దూరం వేగం తగ్గించలేరా?

లోతునీళ్లు:
కిందున్నవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను మంగమారిపేట వైపు డైవింగ్‌కి వెళ్తుంటాను. పైకొచ్చే ముందు అయిదు మీటర్ల లోతులో మూడు నిమిషాలు ఆగుతాం. ఓసారి అలా ఆగినప్పుడు ఇంజన్ మోత వినిపించింది. నీళ్లలో శబ్దం గాలిలోకన్నా నాలుగు రెట్లకి పైగా వేగంగా వస్తుంది, ఏ వైపు నుంచో చెవులు పట్టుకోలేవు. తలపైనే ఉన్నట్టుంది. తాడు పట్టుకుని ఆ మోత పోయేదాకా వేలాడాను.

అందుకే తీరంవాసి గారి రూలు నాకూ చాలదు. మేం దిగేది చాలాసార్లు 200 మీటర్ల అవతలే. దూరం ఒడ్డు నుంచి కాదు, జెండా నుంచి కొలవాలి. తెలుపు, నీలం రంగుల్లో చివర చీలిన జెండా కనిపిస్తే కింద మనిషున్నాడని, దూరంగా, నెమ్మదిగా పొమ్మని అర్థం. ఎర్రగుడ్డ మీద ఏటవాలు తెల్లపట్టీ ఉన్నా అంతే. బోటు నడిపే కుర్రాళ్లలో ఎంతమందికి ఇది చెప్పారు?

బోటు డ్రైవర్:
నాకు ఎవరూ చెప్పలేదు. తెల్లదీ నీలందీ చూశాను, కంపెనీ జెండా అనుకున్నాను. ఇకనుంచి ఆగుతాను. వలల మాటకొస్తే, చివర కర్రకి గుడ్డ కట్టండి, చీకట్లో ఓ లైటు పెట్టండి. ఉత్త బెండ్లు కెరటాల్లో కనపడవు.

జాలరి బిడ్డ:
గుడ్డ కడతాం. లైటు మాట నాన్నతో మాట్లాడి చెప్తాను.

తీరంవాసి:
జెండా నుంచి కొలవాలన్నది సబబే, అదీ కలపాలి. రైడు టైము మాట మాత్రం ఒప్పుకోను. పదిహేను నిమిషాలు చేసి టికెట్ పెంచండి. ఇంకోటి అడగాలి. నీళ్లలో ఉన్నవాళ్లని ఎక్కించుకునేటప్పుడు ఇంజన్ పూర్తిగా ఆపుతున్నారా, గేరు తీసి ఊరుకుంటున్నారా?

బోటు డ్రైవర్:
నేను ఆపేస్తాను. మళ్లీ స్టార్టవదేమోనన్న భయంతో చాలామంది ఆపరు.