ఇంట్లో బీరు చేసుకుంటే సీసా ఎంత పడుతోంది? మీ మీ లెక్కలు చెప్పండి

ప్లేనో_పులిహోర (డాలస్)
మా టీంలో ఒక అమెరికన్ ఉన్నాడు, గరాజ్‌లో బీరు చేస్తాడు. మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు తాగాను, నిజంగా బాగుంది. షాపులో రేటులో సగం కూడా పడదంటాడు. మా ఆవిడ మాత్రం "ముందు ఆ సామానుకి ఎంతవుతుందో కనుక్కో" అంది. ఆన్‌లైన్‌లో చూస్తే స్టార్టర్ కిట్లు 100 నుంచి 200 డాలర్ల దాకా ఉన్నాయి. మేం నెలకి రెండు మూడు సిక్స్ ప్యాకులు కొంటాం, అంతకు మించి తాగం. చేసే అలవాటున్నవాళ్లు అసలు లెక్క చెప్పండి. సామాను, సరుకు, పోయే టైము అన్నీ కలిపి. ఇంకో మాట, వీసా మీద ఉన్నాం. ఇది లీగలేనా?

గరాజ్_గంగరాజు (షార్లెట్)
ముందు లీగల్ సంగతి. 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఫెడరల్ స్థాయిలో అడ్డు తొలగింది, 1979 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే అయితే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు గానీ ఇంకా ఎక్కువ గానీ ఉంటే 200 గ్యాలన్లు పన్ను కట్టకుండా చేసుకోవచ్చు. రాష్ట్రాల రూల్స్ వేరే ఉంటాయి. అందరికంటే ఆలస్యంగా ఒప్పుకున్నవి అలబామా, మిసిసిపి. అదీ 2013లో. అమ్మడం మాత్రం కుదరదు. సంక్రాంతి పార్టీలో "సరుకు ఖర్చుకి సీసాకి రెండు డాలర్లు వేయండి" అన్నా అది అమ్మకమే. వీసా మీద ఉన్నవాళ్లు ఆ సరదా అస్సలు పెట్టుకోవద్దు. సారా బట్టీకి ఈ మినహాయింపు వర్తించదు, ఎవరో ఒకరు అడుగుతారని ముందే చెబుతున్నా.

ఇక డబ్బు. మామూలు బ్యాచ్ అంటే 5 గ్యాలన్లు, సుమారు 19 లీటర్లు. అడుగున మిగిలే మడ్డి పోగా 12 ఔన్సుల సీసాలు 48 దాకా వస్తాయి. కొత్తవాళ్లు మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) ఎక్‌స్ట్రాక్ట్ కిట్‌తో మొదలుపెడతారు. అందులో చిక్కటి మాల్ట్ పాకం, చేదు కోసం వేసే హాప్స్ పూలు, పులియబెట్టే ఈస్ట్ అన్నీ ఉంటాయి, 45 నుంచి 55 డాలర్లు. అంటే సీసా డాలర్ అటూ ఇటూ. మంచి క్రాఫ్ట్ బీరు సిక్స్ ప్యాక్ 11, 12 డాలర్లు ఉంది కాబట్టి సీసా దాదాపు రెండు డాలర్లు. సామాను పక్కన పెడితే మీ కొలీగ్ చెప్పింది దాదాపు నిజమే. అదే 30 డబ్బాల లైట్ బీరు పెట్టెతో పోల్చారనుకోండి, మిగిలేదేం లేదు.

మాల్ట్ గింజలు కొని మనమే నానబెట్టి రసం తీస్తే ఇంకా తగ్గుతుంది. 25 కేజీల బేస్ మాల్ట్ (బీరులో ఎక్కువ భాగం పడేది) బస్తా నాకు 65 డాలర్ల దగ్గర వస్తోంది. బ్యాచ్‌కి 5 కేజీలు, అంటే 13 డాలర్లు. హాప్స్ అర కేజీ ప్యాకెట్ ఒకేసారి కొని ఫ్రీజర్‌లో పెడతా, బ్యాచ్‌కి మూడు నాలుగు డాలర్లవుతుంది. డ్రై ఈస్ట్ 6. గ్యాసు, శానిటైజర్, మూతలు కలిపి ఇంకో మూడు. మొత్తం 25, 26 డాలర్లు. సీసా అర డాలర్. ఇది పేల్ ఏల్ అనే మామూలు లేత రంగు బీరు లెక్క. హాప్స్ దండిగా పడే ఐపీఏ రకం బీరు అయితే ఈ లెక్క పనికిరాదు.

కెగ్_కష్టాలు (చికాగో)
గంగరాజు గారూ, లెక్క బాగుంది గానీ సగమే చెప్పారు. మిగతా సగం నేను చెబుతా.

ఒక బకెట్, గ్యాసు బయటికి వదిలి గాలి లోపలికి రానివ్వని ఎయిర్‌లాక్, రసంలో చక్కెర ఎంతుందో చూపే హైడ్రోమీటర్, బీరు తోడే సైఫన్ గొట్టం, మూతలు బిగించే క్యాపర్, పెద్ద గిన్నె. ఇంతవరకు 150లో అయిపోతుంది. ఆ తర్వాతే అసలు కథ. 48 సీసాలు కడిగి, శానిటైజ్ చేసి, నింపి, మూతలేసి, రెండు వారాలు ఆగాలి. ఒకటి రెండు సార్లకే విసుగొచ్చి కెగ్ (సీసాల బదులు బీరంతా పోసే స్టీల్ పీపా) మీద కన్ను పడుతుంది. పాత కార్నీ రకం కెగ్ ఒకటి 60 నుంచి 90. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, రెగ్యులేటర్ కలిపి 150. కెగ్ పెట్టుకోవడానికి పాత ఫ్రిజ్. దానికి టెంపరేచర్ కంట్రోలర్ 40. ఒక కెగ్ ఖాళీ అయ్యేలోపు రెండోది సిద్ధంగా ఉండాలి కదా, ఇంకో కెగ్. తర్వాత నానబెట్టడం, మరిగించడం ఒకేదాంట్లో అయ్యే ఆల్ ఇన్ వన్ ఎలక్ట్రిక్ కెటిల్ చూస్తారు. అది 400 నుంచి మొదలై వెయ్యి దాకా పోతుంది. బీరు 50 సెంట్లకి వస్తోందని ఇంట్లో చెప్పి 900 డాలర్ల సామాను తెచ్చినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఇక టైము. మాల్ట్‌తో చేసే రోజు ఐదారు గంటలు పోతాయి. అందులో సగం అంట్లు తోమడమే. నిజం చెప్పాలంటే ఇదొక కడుగుడు హాబీ, మధ్యలో కాస్త బీరు తయారవుతుంది.

అలాగని వద్దనను. క్రికెట్ కిట్ కొన్నవాడు ఎంత ఆదా అయిందని లెక్కేసుకోడు కదా. పొదుపు అని పేరు పెట్టి ఇంట్లో ఒప్పించొద్దు, అంతే నేను చెప్పేది.

మెల్‌బోర్న్_మావయ్య
తమ్ముళ్లూ, పొదుపు లేదన్నది అమెరికా మాట. మా దగ్గర ఉంది. ఆస్ట్రేలియాలో బీరు మీద ఎక్సైజ్ ఎక్కువ, పైగా ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి ధరల సూచీతో పాటు పెంచుతూ వచ్చారు. 24 సీసాల పెట్టె, అంటే స్లాబ్, ఒక మాదిరి బీరుకే 55, 60 ఆస్ట్రేలియా డాలర్లు. ఇంట్లో చేసుకున్నదానికి ఆ పన్ను లేదు.

కూపర్స్ కంపెనీ వాళ్ల మాల్ట్ పాకం 1.7 కేజీల డబ్బా ఒకటి, దానికి కేజీ బ్రూ షుగర్ (బీరు కోసం అమ్మే చక్కెర). రెండూ కలిపి 25 డాలర్ల చుట్టుపక్కల. 23 లీటర్లు వస్తుంది, అంటే రెండున్నర స్లాబులు. షాపులో అయితే 140 పెట్టాలి. సామాను ఖర్చు ఒకటి రెండు బ్యాచ్‌లకే వచ్చేస్తుంది. ఇందులో ఉడికించే పని కూడా లేదు. డబ్బాలో పాకం వేడినీళ్లలో కలిపి, చల్లనీళ్లు పోసి, ఈస్ట్ చల్లి మూతపెట్టడమే. గంట పని.

రుచి? చక్కెర ఎక్కువైతే పల్చగా ఉంటుంది, పుల్లటి యాపిల్ వాసన లాంటిది వస్తుందని కొందరంటారు. ఆ చక్కెరలో సగం తీసేసి డ్రై మాల్ట్ పొడి వేయండి, ఐదారు డాలర్లు ఎక్కువైనా బీరు బీరులా ఉంటుంది. డబ్బా మీద రాసిన టెంపరేచర్ కంటే కాస్త చల్లగా, 18, 20 డిగ్రీల దగ్గర పులియనివ్వండి. జనవరి ఎండల్లో మాత్రం నేను మొదలుపెట్టను.

రెడింగ్_రామం
మావయ్య గారితో ఏకీభవిస్తున్నా. ఇంగ్లండ్‌లో కూడా అంతే. ఇక్కడ 1963 దాకా ఇంట్లో చేసుకోవడానికీ లైసెన్స్ కావాలి. ఆ ఏడాది బడ్జెట్‌లో మాడ్లింగ్ అనే ఆర్థిక మంత్రి తీసేశాడు. 40 పైంట్ల (దాదాపు 23 లీటర్ల) కిట్ 25 నుంచి 30 పౌండ్లు, అంటే పైంట్ 75 పెన్నీలకి మించదు. పబ్‌లో ఐదారు పౌండ్లకి తక్కువ రావడం లేదు. అయితే పబ్‌కి వెళ్లేది బీరు కోసమే కాదు కదా, ఆ లెక్క ఇంట్లో తేలదు.

ఆవకాయ్_ఏల్ (సియాటెల్)
ఆడవాళ్లెవరూ రాయట్లేదని నేనొచ్చా. మా ఇంట్లో చేసేది నేను, తాగేది మా ఆయన, మార్కులు వేసేది ఫ్రెండ్స్. హాప్స్ విషయంలో మాకు అదృష్టం ఉంది. అమెరికాలో పండే హాప్స్‌లో ఎక్కువ భాగం మా రాష్ట్రంలోని యాకిమా లోయవే.

ఖర్చు తగ్గించే దారులు ఇండియన్ స్టోర్‌లో చాలా ఉన్నాయి, ఎవరూ చెప్పలేదు. బెల్జియన్ గోధుమ బీరు, విట్ బియర్, ఉంది కదా, అందులో పడేది ధనియాలు, నారింజ తొక్క. బ్రూ షాపులో ఔన్సు ధనియాలు చిన్న ప్యాకెట్‌లో పెట్టి రెండు మూడు డాలర్లకి అమ్ముతారు. మన స్టోర్‌లో అదే డబ్బుకి పెద్ద ప్యాకెట్. పైగా మన ధనియాలు కాస్త కోలగా, నిమ్మ వాసనతో ఉంటాయి, ఈ బీరుకి అవే బాగుంటాయి. కచ్చాపచ్చాగా దంచి, మరిగే ఆఖరి ఐదు నిమిషాల్లో 15, 20 గ్రాములు వేయండి. వేయించొద్దు, రసం వాసనొస్తుంది!

తేలికైన బీరుకి ఫ్లేక్డ్ రైస్ వాడతారు. అటుకులు అదే పని చేస్తాయి. ముందే ఉడికి నలిగినవి కాబట్టి మాల్ట్‌తో పాటు నేరుగా నానబెట్టొచ్చు. బియ్యం అయితే విడిగా ఉడికించి వేయాలి. ముదురు రంగు బీర్లలో బెల్లం ఒక అర కేజీ. మామిడి గోధుమ బీరుకి తోతాపురి గుజ్జు డబ్బా, చిత్తూరు వైపు నుంచి వచ్చేవి దొరుకుతాయి. మొదటిసారి పులియడం అయిపోయాక కలపాలి, డబ్బా మీద పొటాషియం సోర్బేట్ లాంటి ప్రిజర్వేటివ్ లేదని చూసుకోవాలి. గుజ్జులో చక్కెర ఉంటుంది కాబట్టి మళ్లీ పులుస్తుంది, తొందరపడి సీసాల్లో పోయొద్దు.

రాగులు కూడా మొలకెత్తించి, ఎండబెట్టి 20 శాతం దాకా కలుపుతా. స్టోర్‌లో దొరికే రాగి మాల్ట్ పొడి మాత్రం వద్దు. అది మెత్తటి పిండి, వడకట్టే బట్ట మొత్తం పూడుకుపోతుంది.

రసం తీసేసిన మాల్ట్ పిప్పి పారేయకుండా కొంత ఎండబెట్టి, మరపట్టి చపాతీ పిండిలో కలుపుతున్నా. పీచు బాగా ఉంటుంది. కుక్క ఉన్నవాళ్లు మాత్రం హాప్స్ మడ్డి దానికి అందకుండా చూసుకోండి. కుక్కలకి హాప్స్ విషం, ప్రాణం మీదకొస్తుంది.

కూకట్‌పల్లి_కుర్రోడు
అన్నా, అక్కా, ఇవన్నీ చదువుతుంటే నోరూరుతోంది. హైదరాబాద్‌లో ఫ్లాట్‌లో చేసుకోవచ్చా? మాల్ట్ ఆన్‌లైన్‌లో దొరుకుతోంది మరి.

నిజాంబాదీ (దుబాయ్)
వద్దు తమ్మీ. మాల్ట్ కొనడం తప్పు కాదు, దాన్ని బీరు చేయడం తప్పు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1968 ఎక్సైజ్ చట్టమే ఆధారం. లైసెన్స్ లేకుండా మద్యం తయారుచేస్తే నేరం, సొంతానికి అన్నా కేసు కేసే. అమెరికాలో ఉన్నట్టు ఇన్ని గ్యాలన్ల దాకా పర్వాలేదనే వెసులుబాటు మనకి లేదు. కల్లు గీయాలన్నా లైసెన్స్ ఉండాల్సిందే. తాజా బీరు కావాలంటే మైక్రోబ్రూవరీకి పో, దానికైతే లైసెన్స్ ఇస్తున్నారు. నేనుండే చోట కూడా ఇంట్లో చేయడం కుదరదు, అందుకే ఈ చర్చలు చదివి కడుపు నింపుకుంటున్నా.

ప్లేనో_పులిహోర (డాలస్)
అందరికీ థ్యాంక్స్. మా ఆవిడకి చూపించాను. కెగ్_కష్టాలు గారి పోస్ట్ చదివి చాలాసేపు నవ్వింది, ఆ తర్వాత "150 దాటితే ఊరుకోను" అంది. మాది రెండు బెడ్‌రూంల అపార్ట్‌మెంట్, కరెంటు పొయ్యి. 5 గ్యాలన్లు మరుగుతాయా? డాలస్ ఎండల్లో 18 డిగ్రీలు ఎలా? సీసాలు పేలతాయని విన్నాను, అది ఇంకో టెన్షన్.

గరాజ్_గంగరాజు (షార్లెట్)
కరెంటు పొయ్యి మీద 5 గ్యాలన్లు మరగడం కష్టం. రెండున్నర గ్యాలన్లు చేయండి, 24 సీసాలు. మీరు తాగేదానికి సరిపోతుంది. ఇడ్లీలకీ బిర్యానీకీ వాడే పెద్ద స్టీల్ గిన్నె 15 లీటర్లది ఉంటే కెటిల్ కొనక్కర్లేదు. మాల్ట్‌ని బట్ట సంచిలో పోసి అదే గిన్నెలో 65, 67 డిగ్రీల దగ్గర గంట నానబెట్టి, సంచి పైకెత్తి పిండడమే. ఇలా చేస్తే వేరే పాత్రలు అక్కర్లేదు.

ఎండకి: పెద్ద టబ్‌లో నీళ్లు పోసి ఫెర్మెంటర్ (బీరు పులిసే బకెట్) అందులో పెట్టండి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేయండి. మొదటి మూడు నాలుగు రోజులే ముఖ్యం, ఈస్ట్ అప్పుడే బాగా వేడి పుట్టిస్తుంది. అంత ఓపిక లేకపోతే వేసవిలో మానేసి నవంబర్‌లో మొదలుపెట్టండి.

పేలడం గురించి: పులియడం పూర్తికాకుండా సీసాల్లో పోస్తే లోపల గ్యాసు పెరిగి పేలతాయి. అది చూసుకోవడానికి హైడ్రోమీటర్ 10 డాలర్లు, అక్కడ కక్కుర్తి పడొద్దు. రసం నీళ్ల కంటే ఎంత చిక్కగా ఉందో అది చూపిస్తుంది, మొదట 1.050 ఉంటే చక్కెర పులిసి చివర 1.010 దగ్గరకి దిగుతుంది. రెండు మూడు రోజుల తేడాతో చూసినా అదే అంకె వస్తే పులియడం అయిపోయినట్టు. మొదటి, చివరి అంకెల తేడాని 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం కూడా తెలుస్తుంది, ఇక్కడ ఐదు చిల్లర. ఆ తర్వాతే సీసాల్లో పోయాలి. గ్యాసు పుట్టడానికి రెండున్నర గ్యాలన్లకి 60 గ్రాముల కార్న్ షుగర్ (మొక్కజొన్న చక్కెర) చాలు, తూకం వేసి వేయండి, చెంచాల లెక్క వద్దు.

ఆవకాయ్_ఏల్ (సియాటెల్)
ఒకటి కలుపుతా. డాలస్ కుళాయి నీళ్లలో క్రిములు చావడానికి కలిపే క్లోరమైన్ ఉంటుంది, మరిగించినా తొందరగా పోదు, బీరుకి బ్యాండేజ్ లాంటి మందు వాసన తెస్తుంది. దాన్ని పోగొట్టే క్యాంప్డెన్ బిళ్ల ఒకటి 20 గ్యాలన్లకి సరిపోతుంది, మీకు పావు ముక్క చాలు. సీసాలు కొనకండి. ఇప్పుడు తాగుతున్నవే దాచండి. చేత్తో తిప్పితే ఊడే మూతలవి వద్దు, ఓపెనర్‌తో తీసేవే కావాలి. గోధుమ రంగువే ఏరండి, పచ్చవి, తెల్లవి అయితే వెలుతురు తగిలి వాసన మారుతుంది. తాగిన వెంటనే నీళ్లతో కడిగి బోర్లించి పెట్టండి, ఎండిపోయాక ఆ మడ్డి వదలదు.

ప్లేనో_పులిహోర (డాలస్)
ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ తిప్పి తీసేవే అండి. ఈ వీకెండ్ వేరేవి కొనాలి. ఆ ఖర్చు కూడా హాబీ కిందే రాస్తుంది మా ఆవిడ.