మగవాళ్ల ఛాతీ పెరిగితే కోత లేని కొవ్వు చికిత్స పనిచేస్తుందా?

ఆలమూరు రైతు:
సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో పెళ్లి కుదిరిన అబ్బాయి ఉన్నాడు. మనిషి సన్నగానే ఉంటాడు గానీ ఛాతీ రెండు వైపులా ఎత్తుగా ఉంటుంది. మండుటెండల్లో కూడా చొక్కా కింద రెండు బనియన్లు వేసుకుంటాడు. మొన్న కార్తీక స్నానానికి రేవులో అందరూ పంచెలతో దిగితే వాడొక్కడూ చొక్కాతోనే దిగాడు. రాజమండ్రిలో ఒకచోట చల్లటి యంత్రం పెట్టి కొవ్వు కరిగిస్తారట. కోత ఉండదు, కుట్లు ఉండవు, అదే పూట ఇంటికి రావచ్చు అంటున్నారు. మాఘంలో ముహూర్తం. చేయించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి. ఆపరేషన్ మాట ఎత్తవద్దు, అది మాకు కుదరదు.

భీమవరం ట్రైనర్:
నిశ్చింతగా చేయించండి. నేనే చేయించుకున్నాను. ఛాతీ మీద కప్పు లాంటిది పెడితే అది చర్మాన్ని లోపలికి లాగి పట్టుకుంటుంది. మొదట జివ్వుమంటుంది, కాసేపటికి మొద్దుబారుతుంది. తీశాక ఎర్రగా గడ్డకట్టిన చోట బాగా మర్దన చేస్తారు, నొప్పి అప్పుడే. రెండు మూడు నెలల్లో నాకు స్పష్టంగా తగ్గింది. ఇందులో మాయ ఏమీ లేదు. చర్మం తట్టుకునే చలిని కొవ్వు కణాలు తట్టుకోలేవు. చచ్చిన కణాలను శరీరమే మెల్లగా తీసేస్తుంది. ఐస్ పుల్లలు చప్పరించే పిల్లల బుగ్గల్లో కొవ్వు తగ్గి సొట్టలు పడతాయని వైద్యులు ఎప్పుడో గమనించారు. అమెరికాలో మాన్‌స్టీన్, ఆండర్సన్ అనే వైద్యులు దాని మీదే పరిశోధించి ఈ పద్ధతిని తయారుచేశారు.

వశిష్ఠ:
రైతు గారూ, నేనూ ఆ యంత్రం కింద పడుకుని వచ్చినవాణ్నే. మాది నరసాపురం వైపు. ప్యాకేజీ అన్నారు, డబ్బు ముందే కట్టించుకున్నారు. చొక్కా విప్పించి ఫొటోలు తీశారు గానీ చనుమొన కింద ఒక్కరూ వేలు పెట్టి చూడలేదు. నెలలు గడిచాక చుట్టూ కొవ్వు కాస్త పల్చబడింది, దానితో మధ్యలో ఉన్న గడ్డ ఇంకా బయటపడింది. తరువాత ఒక ప్లాస్టిక్ సర్జన్ చేత్తో నొక్కి చూసి అక్కడికక్కడే చెప్పారు, ఇది కొవ్వు కాదు, రొమ్ము గ్రంథి అని. రసాల మామిడిని ఎంత పిసికినా రసమే వస్తుంది, టెంక కరగదు. చలి చంపేది కొవ్వు కణాలను. గ్రంథి, దాన్ని పట్టుకున్న పీచు కణజాలం దానికి లొంగవు. మీ అబ్బాయి సన్నగా ఉంటాడంటున్నారు. సన్నటి మనిషికి ఛాతీ ఒక్కటే పెరిగిందంటే గ్రంథినే ముందు అనుమానించాలి.

భీమవరం ట్రైనర్:
మీకు పనిచేయలేదని అందరికీ పనిచేయదా? ఇది అనుమతి పొందిన చికిత్స. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2010లోనే ఆమోదించింది.

వశిష్ఠ:
దేనికి ఆమోదించింది? 2010లో నడుము పక్కల కొవ్వుకు, 2012లో పొట్టకు, ఆ తరువాత తొడలకు, గడ్డం కిందికి, చేతులకు, వీపుకు. మగవాళ్ల ఛాతీ ఆ జాబితాలో లేదు.

భీమవరం ట్రైనర్:
జాబితాలో లేకపోతే పనికిరాదని అర్థమా? 2015లో చర్మవైద్యుల పత్రికలో మగవాళ్ల ఛాతీ మీదే చేసిన అధ్యయనం వచ్చింది. ఫలితం బాగానే ఉంది. అది కూడా చదవండి.

వశిష్ఠ:
చదివాను. అందులో తీసుకున్నది కొవ్వు వల్ల ఛాతీ పెరిగినవాళ్లను మాత్రమే. గ్రంథి పెరిగినవాళ్ల సంగతి అది చెప్పదు. ఇంకొకటి కూడా చెప్పండి మీ దగ్గరికి వచ్చే కుర్రాళ్లకు. చలి పెట్టిన చోట కొవ్వు తగ్గకుండా గట్టిపడి ఇంకా పెరిగే దుష్ఫలితం ఉంది. 2014 నుంచి వైద్య పత్రికల్లో నమోదవుతోంది, మగవాళ్లలో ఎక్కువ. మోడల్ లిండా ఎవాంజెలిస్టా తనకు జరిగినది 2021లో లోకానికి చెప్పింది. అది వచ్చాక దారి లైపోసక్షనే, అంటే గొట్టంతో కొవ్వు లాగే ఆపరేషనే.

భీమవరం ట్రైనర్:
అరుదైనదాన్ని తెచ్చి జనాన్ని భయపెట్టడం మంచిది కాదు. ఆపరేషన్‌లో దుష్ఫలితాలు లేవా?

అమలాపురం అమ్మ:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా బాబు తొమ్మిదో తరగతి. ఆరు నెలలుగా వాడికీ ఇలాగే ఉంది, ముట్టుకుంటే నొప్పి అంటాడు. ఏం చేయాలి?

పాలకొల్లు మందుల షాపు:
అమ్మా, కంగారు పడవద్దు. ఆ వయసులో హార్మోన్ల హెచ్చుతగ్గుల వల్ల చాలామంది మగపిల్లలకు వస్తుంది. ఎక్కువమందికి ఆరు నెలల నుంచి రెండేళ్లలో దానంతట అదే పోతుంది. యంత్రమూ వద్దు, ఆపరేషనూ వద్దు. పిల్లల వైద్యుడికి ఒకసారి చూపించి, కొంతకాలం గమనిస్తూ ఉండండి. బడిలో ఎవరూ ఏడిపించకుండా చూసుకోండి, అది ముఖ్యం.

రైతు గారికి ఒక మాట. అబ్బాయి ఏ మందులు వాడుతున్నాడో ఒక కాగితం మీద రాయించండి. గుండె జబ్బుకు, కాలేయ జబ్బులో ఒంటికి నీరు పడితే ఇచ్చే స్పైరోనోలాక్టోన్, కడుపు మంటకు వాడే సిమెటిడిన్, జుట్టు రాలకుండా వేసుకునే ఫినాస్టెరైడ్, తామరకు మింగే కీటోకోనజోల్, కొన్ని మానసిక వ్యాధుల మందులు. వీటితో ఛాతీ పెరగవచ్చు. జిమ్ముల్లో పొడిచే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు సరేసరి. థైరాయిడ్ అతిగా పనిచేసినా, కాలేయం దెబ్బతిన్నా ఇదే లక్షణం. కారణం అలాగే ఉండగా పైన ఏం చేసినా ప్రయోజనం ఏముంది?

భీమవరం ట్రైనర్:
జిమ్ములన్నిటినీ ఒకే గాటన కట్టవద్దు. నా దగ్గర ఎవరికీ సూది వేయను. ఎవడో ఒకడు చేసిన పాపానికి మా వృత్తినంతా నిందిస్తారు. కిందటేడు మా జిమ్ముకు వచ్చే పిల్లవాడికి ఛాతీ పెరిగితే వాళ్ల ఇంట్లోవాళ్లు మా గుమ్మం ముందుకు వచ్చి అరిచారు. వాడు సూదులు వేయించుకున్నది వేరేచోట.

పాలకొల్లు మందుల షాపు:
మిమ్మల్ని అనలేదు. అడగవలసిన ప్రశ్నల్లో అది ఒకటి అన్నాను.

ఆలమూరు రైతు:
మా వాడికి ఏ మందులూ లేవు, జిమ్ము లేదు, తాగుడు లేదు. ఇంటర్మీడియట్ నాటి నుంచి ఉంది. చనుమొన కింద రబ్బరు బిళ్లలా చేతికి తగులుతుందని వాళ్ల అమ్మతో అన్నాడట. యంత్రం గురించి అడిగితే మీరంతా ఎక్కడెక్కడికో వెళుతున్నారు.

వశిష్ఠ:
ఎక్కడికీ వెళ్లలేదు, మీరు ఇప్పుడు రాసినదే జవాబు. ఆ బిళ్లే గ్రంథి. అన్నేళ్లుగా ఉన్నది పీచుగా మారిపోయి ఉంటుంది, అంత పాతదానికి మాత్రలు కూడా పెద్దగా పనిచేయవు. పైగా యంత్రం వల్ల తగ్గే కొవ్వు తగ్గడానికే రెండు మూడు నెలలు పడుతుంది. మాఘానికి పూర్తి ఫలితం కనిపించకపోవచ్చు. ఒక్కటి అడుగుతాను, అబ్బాయిని ఏ వైద్యుడైనా చేత్తో పరీక్షించాడా?

ఆలమూరు రైతు:
లేదు. ఇక్కడ చూపిస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.

వశిష్ఠ:
అబ్బాయికి ఏం కావాలో అడిగారా?

ఆలమూరు రైతు:
వాడిని అడిగేది ఏముంది? వాడు సిగ్గుతో నోరు విప్పడు. మీకు పెళ్లి కావలసిన పిల్లలు లేరు కాబట్టి ఎన్నయినా చెబుతారు. ఆపరేషన్ అంటే ఆసుపత్రి, ఆ తరువాత వారాల తరబడి ఒంటికి బిగుతు జాకెట్టు. పాలు పోసేవాడికి కూడా తెలిసిపోతుంది. ఇదివరకు ఒక సంబంధం ఇలాగే తప్పింది. ఎవరో వెళ్లి మా వాడు మగవాడేనా అని వాళ్ల చెవిలో వేశారు. ఆ మాట విన్న రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. ఇప్పుడు చెప్పండి, యంత్రం ఎందుకు అడుగుతున్నానో.

వశిష్ఠ:
అర్థమైంది. మా నాన్నగారూ ఇందుకే నన్ను ఆ యంత్రం దగ్గరికి తీసుకెళ్లారు. మచ్చ పడదు, ఎవరికీ తెలియదు అన్నారు. నా ఛాతీలో ఏముందో ఆయనకు అక్కరలేదు, బంధువులకు తెలియకపోతే చాలు. కాలువలో ఈతకు వెళ్లడం మానేశాను, కాలేజీలో కబడ్డీ మానేశాను, ఆయన ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. మీరు యంత్రానికి కట్టే డబ్బు చికిత్సకు కాదు, గుట్టుకు. ఆ గుట్టు మోయవలసింది మీ అబ్బాయి.

ఆలమూరు రైతు:
మాటలు అదుపులో పెట్టుకోండి. కన్నతండ్రికి అక్కరలేదా?

నిర్వాహకుడు:
ఇద్దరూ శాంతించండి. కుటుంబాల మీద వ్యాఖ్యలు వద్దు.

పాలకొల్లు మందుల షాపు:
గుట్టు వల్ల అసలు ప్రమాదం వేరే ఉంది, అది చెప్పకుండా ఉండలేను. రొమ్ము క్యాన్సర్ రోగుల్లో దాదాపు నూటికి ఒకరు మగవాళ్లు. గడ్డ ఒకవైపే ఉండి, రాయిలా గట్టిగా, చనుమొనకు పక్కగా ఉంటే, మొన లోపలికి లాక్కుపోతే, రక్తం వస్తే ఆలస్యం చేయకూడదు. అరుదుగా వృషణాల్లో కణితి వల్ల కూడా ఛాతీ పెరుగుతుంది. అందుకే వైద్యుడు కింద కూడా పరీక్షిస్తాడు. యంత్రం ఉన్నచోట ఇవన్నీ ఎవరు చూస్తారు? మీ అబ్బాయికి రెండు వైపులా ఉంది, ఏళ్లుగా ఉంది, చాలావరకు భయపడే సంగతి కాదు. అయినా చూసి చెప్పవలసింది వైద్యుడే.

గోదావరి ఆడపడుచు:
నాకు ఒక్కటే సందేహం. పెళ్లికూతురికి ఈ సంగతి చెప్పారా?

ఆలమూరు రైతు:
ఇది ఆడవాళ్లు కలగజేసుకునే విషయం కాదమ్మా.

గోదావరి ఆడపడుచు:
ఎందుకు కాదండీ? మాఘం తరువాత ఆ గదిలో ఉండేది ఆ అమ్మాయే. మా ఆయనకూ ఇలాగే ఉండేది. పెళ్లయిన కొత్తలో దీపం ఆర్పితే గానీ చొక్కా తీసేవారు కాదు. నేనంటే ఇష్టం లేదని ఎంతకాలం కుమిలిపోయానో మీకు తెలియదు. ఛాతీ వల్ల నాకు ఏ బాధా లేదు. చెప్పకపోవడం వల్లే బాధ.

భీమవరం ట్రైనర్:
చర్చ యంత్రం గురించి. ఇవన్నీ ఎందుకు? కొవ్వు ఉన్నవాళ్లకు పనిచేస్తుందని అయినా ఒప్పుకుంటారా?

వశిష్ఠ:
ఉత్త కొవ్వే అయి, చర్మం జారకుండా బిగువుగా ఉంటే కొంత పనిచేస్తుంది. ఆ మాట నేను ఎప్పుడూ కాదనలేదు. అలాంటివాళ్లకు ముందు బరువు తగ్గితేనే సగం పని అవుతుంది, ఆ పని మీ జిమ్మే చేస్తుంది. చర్మం సంచిలా జారితే మాత్రం ఏ చల్లటి యంత్రమూ బిగించదు.

రైతు గారూ, కోపంలో అన్న మాట పక్కన పెట్టి ఇది వినండి. నాకు చేసిన ఆపరేషన్‌లో చనుమొన చుట్టూ నల్లటి వలయం అంచున, కింది వైపు అర్ధచంద్రంగా చిన్న కోత పెట్టి గ్రంథి తీశారు, చుట్టూ కొవ్వును సన్నటి గొట్టంతో లాగారు. ఆ అంచులో మచ్చ దాదాపు కలిసిపోయింది. బిగుతు జాకెట్టు నాలుగు నుంచి ఆరు వారాలు వేసుకోమంటారు. అది చొక్కా కింద కనిపించదు, మీ అబ్బాయి రెండు బనియన్లు ఎలాగూ వేసుకుంటున్నాడు. ఇబ్బందులు లేవనను. లోపల రక్తం చేరవచ్చు, స్పర్శ మొద్దుబారవచ్చు, గ్రంథిని మరీ ఎక్కువ తీస్తే మధ్యలో గుంట పడుతుంది. అనుభవం ఉన్న ప్లాస్టిక్ సర్జన్ చేతిలో పెట్టాలి.

ఆలమూరు రైతు:
గుంట పడుతుందని మీరే అంటున్నారు. కోతకు మాత్రం నేను ఒప్పుకోను.

పాలకొల్లు మందుల షాపు:
కోతకు ఒప్పుకోమని ఎవరూ అనడం లేదు, పరీక్షకు ఒప్పుకోండి. కాకినాడ వెళ్లండి, అక్కడ పెద్దాసుపత్రి ఉంది, మీ ఊరివాళ్లు ఎవరూ ఎదురుపడరు. హార్మోన్ల పరీక్షకు రక్తం ఉదయమే ఇవ్వాలి, టెస్టోస్టిరాన్ పొద్దున ఎక్కువగా ఉంటుంది. అవసరమైతే స్కానింగ్ చేస్తారు, కొవ్వా గ్రంథా అన్నది అందులో తేలుతుంది. వైద్యుడు అబ్బాయితో మాట్లాడేటప్పుడు మీరు బయట కూర్చోండి.

ఆలమూరు రైతు:
సరే. సోమవారం కాకినాడ తీసుకెళతాను. యంత్రం వాళ్లకు ఇంకా బయానా ఇవ్వలేదు, అది ఆపుతాను. వాడు లోపల ఏం మాట్లాడుకుంటాడో మాట్లాడుకోనీ. పెళ్లివారికి మాత్రం చెప్పేది లేదు.

గోదావరి ఆడపడుచు:
అది మాత్రం నేను ఒప్పుకోను.