అల్లం, పసుపు, కామోమైల్ అన్నీ కలిపి మరిగించొచ్చా?

ప్రశ్న:
ఒంట్లో వాపులు తగ్గడానికి మంచిదని అల్లం, పసుపు, కామోమైల్ (చామంతి జాతి) పూలు, గ్రీన్ టీ ఆకు కలిపి పావుగంట మరిగిస్తే టీ చేదెక్కుతోంది, పూల వాసన పోతోంది. పసుపేమో గ్లాసు అడుగున పేరుకుంటోంది. అసలు పనిచేసే పదార్థాలు నీళ్లలోకి దిగుతున్నట్టేనా? దేన్ని ఎంతసేపు ఉంచాలి?

జవాబు 1:
నాలుగింటికీ ఒకటే మంట పెట్టడంతోనే వచ్చింది చిక్కంతా. అల్లం గట్టి దుంప కాబట్టి మరగాల్సిందే. 250 మి.లీ. నీళ్లకి 5–10 గ్రాముల పచ్చి అల్లం పల్చగా తరిగి వేసి, మూతపెట్టి సన్నసెగ మీద 10 నిమిషాలు ఉంచండి. అందులోని జింజెరాల్ అనే ఘాటు పదార్థంలో కొంత, వేడికి షోగోల్‌గా మారుతుంది. శొంఠికి ఆ ఘాటు వచ్చేది దీనివల్లే. ఈ రెండూ వాపుని రేపే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని తగ్గిస్తాయని ల్యాబ్ పరీక్షల్లో కనిపించింది. అందుకే అల్లం ఇంకాస్త మరిగినా బెంగ లేదు.

కామోమైల్‌ని మాత్రం మరిగించకండి. పొయ్యి కట్టేశాక ఆ నీళ్లు 2 గ్రాముల ఎండుపూల మీద పోసి, వెంటనే మూతపెట్టి 5–10 నిమిషాలు వదిలేయండి. పూలలో పనిచేసే ఎపిజెనిన్ అనే పదార్థం, చక్కెరతో కలిసిన దాని రూపాలు (గ్లూకోసైడ్లు) నీళ్లలోకి దిగుతాయి, సుగంధ తైలం మాత్రం ఆవిరితో లేచిపోతుంది. మూత ఎత్తితే లోపలివైపు పట్టిన చుక్కల్లో ఘుమఘుమలాడేది ఆ తైలమే. వాటిని కప్పులోకే దులపండి.

చేదు గ్రీన్ టీది. 75–80 డిగ్రీల నీళ్లలో 2–3 నిమిషాలు చాలు, విడిగా చేసుకోండి.

జవాబు 2:
పసుపు గురించి. అందులో పనిచేసే పదార్థం కర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. కాబట్టి ఎంతసేపు మరిగించినా అడుగునే ఉంటుంది. వడగట్టి ఆ మడ్డి పారబోస్తే కర్కుమిన్‌ని పారబోసినట్టే. అరచెంచా పసుపు, పావుచెంచా మిరియాల పొడి వెన్న తీయని పాలలో వేసి 5 నిమిషాలు కాచి, కలుపుతూ మడ్డితో సహా తాగాలి. మిరియాల్లోని పైపెరిన్, కర్కుమిన్‌ని కాలేయం త్వరగా బయటికి పంపకుండా ఆపుతుంది. 1998 నాటి ఒక అధ్యయనంలో 2 గ్రాముల కర్కుమిన్‌కి 20 మి.గ్రా. పైపెరిన్ జోడిస్తే ఒంటికి అందింది 20 రెట్లు పెరిగింది.

అయితే పసుపులో కర్కుమిన్ సుమారు 3 శాతమే. అరచెంచాకి 45 మి.గ్రా. వస్తే గొప్ప. కీళ్లనొప్పుల పరీక్షల్లో వాడేది రోజుకి 500 మి.గ్రా., ఆపైన. ఒక్క కప్పుతో అంత ఫలితం ఆశించకండి, డాక్టరు రాసిన మందులు ఆపకండి.

ప్రశ్న అడిగినవారు:
చేదు విరగడానికి అతిమధురం వేయొచ్చాండీ?

జవాబు 3:
బీపీ ఉంటే వద్దండీ. అందులోని గ్లైసిరైజిన్ ఒంట్లో ఉప్పు, నీరు నిలిపేసి పొటాషియాన్ని తగ్గిస్తుంది. రోజూ తాగితే బీపీ పెరుగుతుంది. రక్తం పలచబడే వార్ఫరిన్ లాంటి మందులు వాడేవాళ్లు అల్లం, పసుపు, కామోమైల్ రోజూ మొదలుపెట్టేముందు డాక్టరుకి చెప్పి తీరాలి. మిరియాలు కూడా కొన్ని మందుల మోతాదుని రక్తంలో పెంచుతాయి. చామంతి జాతి పూలు పడనివాళ్లకి కామోమైల్ కూడా పడకపోవచ్చు. ఐరన్ మాత్రలు వేసుకుంటుంటే గ్రీన్ టీకి, మాత్రకి మధ్య కనీసం గంట ఎడం ఉంచండి.